గేర్లు సరే, బ్రేకులు ఉన్నాయా?

ఈ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు సైకిల్ గురించి రాస్తామన్నాం. సంపాదక వర్గంలోని తమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అన్నా, పోటీ పరీక్షల గురించో, రిజర్వేషన్ల గురించో రాయండి. సైకిల్ గురించి ఏముంటది?" అన్నారు. ఏముందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

హాస్టల్ అనగానే మనకు గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు, సాంబారు బకెట్టు, పరీక్షల ముందు వరండాలో రాత్రి చదువు. వాటితో పాటు గేటు పక్కన వేపచెట్టు కింద ఒకదాని మీద ఒకటి ఆనించిన సైకిళ్లు. మనలో సైకిల్ ఉన్నవాడు తక్కువ, సైకిల్ ఎక్కనివాడు లేడు. ఒకడి సైకిల్ మీద పదిమంది బజారుకు పోయొచ్చిన రోజులు మనవి. ఊరి నుంచి బియ్యం మూట, జ్వరం వచ్చిన జూనియరు, ట్యూషన్‌కు పోయే నలుగురు, అందరినీ మోసింది అదే. మా ఇళ్లల్లో డిగ్రీ అనే మాటను మొదట గుమ్మం దాటించింది మేమే. ఆ డిగ్రీ వెనుక ఎన్ని కిలోమీటర్ల సైకిల్ తొక్కుడు ఉందో లెక్క కట్టలేం.

మేము ఇక్కడ చేరిన నాటికి ఆ చెట్టు కింద నల్ల సైకిళ్లే ఎక్కువ. నాన్న తొక్కి, బాబాయి తొక్కి, అన్న తొక్కి చివరికి మన చేతికి వచ్చినవి. మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టల్‌కు వచ్చి చూస్తే మొత్తం పదకొండు సైకిళ్లు ఉన్నాయి. అందులో ఎనిమిది గేరు సైకిళ్లు. లావు టైర్లు, ముందు షాకులు, చక్రానికి డిస్కు, ఎరుపూ పచ్చా మెరుపు రంగులు. నిజం చెప్పాలంటే మాకూ ముచ్చటేసింది. ఒకటి తీసుకుని గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టాం. మూడో రౌండులో ఆపబోతే ఆగలేదు. కాలు నేలకు రాకి ఆపాల్సి వచ్చింది.

అప్పుడు అనుమానం వచ్చి తమ్ముళ్లతో కలిసి పదకొండూ చూశాం. రెండు బ్రేకులూ సరిగ్గా పడేవి ఐదు. బెల్లు ఉన్నవి రెండు. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు మిగిలినవి నాలుగు. లైటు ఉన్నది ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం చెట్టు కింద జరిగిన మాటలు ఇవి.

"ఎన్ని గేర్లురా ఇది?"

"ఇరవై ఒకటన్నా."

"ఎన్ని వాడతావు?"

"ఒకటేనన్నా. మిగతావి పడవు."

"బెల్లేదిరా?"

"బెల్లు పెడితే పాలోళ్ల సైకిల్ లాగా ఉంటదన్నా."

"మరి లైటు?"

"రోజూ పోయే దారే కదన్నా. చీకట్లో కూడా తెలుసు నాకు."

అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. కానీ ఆ చివరి మాట దగ్గర మా నవ్వు ఆగిపోయింది. దారి నీకు తెలుసు తమ్ముడూ. ఆ దారిలో నువ్వున్నావని లారీకి తెలియాలి కదా?

మాలో ఒకడి సంగతి

ఇదే మాట మా పదో తరగతిలో మా బ్యాచ్ వాడు ఒకడు అనేవాడు. వాడి అనుమతితోనే ఇది రాస్తున్నాం, పేరు మాత్రం రాయడం లేదు. వాడు లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. వేసవి సెలవుల్లో అమ్మతో కలిసి మిరపకోతలకు పోయి, ఆ కూలి డబ్బుతో సెకండ్ హ్యాండులో ఒక గేరు సైకిల్ కొన్నాడు. మా హాస్టల్లో మొదటి గేరు సైకిల్ అదే. కొన్న వారం రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు. తర్వాత మా అందరిదీ అయింది.

జనవరి నెల. లెక్కల మాస్టారు ఒకాయన డబ్బు తీసుకోకుండా తన ఇంటి దగ్గర సాయంత్రం పూట చెప్పేవారు. అక్కడి నుంచి హాస్టల్‌కు కాలవ గట్టు వెంట నాలుగు కిలోమీటర్లు. కోతలయ్యాక రోడ్డు మీద ధాన్యం ఆరబోసే రోజులవి. సగం రోడ్డు ధాన్యం, దాని అంచున పట్టాలు ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లు. ఏడు దాటింది. ఎదురుగా లారీ పెద్ద లైట్లు వేసుకుని వచ్చింది. కళ్లు చెదిరాయి. పక్కకు తప్పుకున్నాడు. రాయి కనిపించే సరికి బ్రేకు నొక్కాడు. ముందు బ్రేకు తీగ తెగి అప్పటికి నెల. వెనుక బ్రేకు రబ్బరు అరిగి ఇనుము రిమ్ముకు తగులుతోంది. ఆగలేదు. రోడ్డు మీద పడ్డాడు. వెనుక వస్తున్న మోటారు సైకిల్ కాలి మీద నుంచి పోయింది.

ఆ మోటారు సైకిల్ ఆయన చెడ్డవాడు కాదు. ఆయనా పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. అయినా 108కి ఫోన్ చేసి బండి వచ్చే వరకు కూర్చున్నాడు. "కనపడలేదు బాబూ, కనపడలేదు" అని అదే మాట అంటూ ఉన్నాడట. నిజమే. మావాడి చొక్కా నీలం, సైకిల్ నలుపు, లైటు లేదు, రిఫ్లెక్టరు ఎప్పుడో ఊడిపోయింది.

ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ కార్డు మీద పోయింది. కానీ కార్డు మీద పోనివి చాలా ఉంటాయి. వాళ్ల నాన్న ఇరవై రోజులు పనికి పోకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. అమ్మ రానూ పోనూ చార్జీలకు, మందులకు వడ్డీకి తెచ్చింది. మార్చిలో మేము పరీక్షలు రాస్తుంటే వాడు మంచం మీద ఉన్నాడు. సప్లిమెంటరీ నాటికి కాలు నిలవలేదు. ఆ తర్వాత అప్పు తీర్చాలని హైదరాబాద్‌లో రంగులేసే పనికి పోయాడు. ఇప్పుడూ అదే పనిలో ఉన్నాడు, నిచ్చెన ఎక్కేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఆలస్యంగా లేస్తుంది. మా నోట్సులో కష్టమైన లెక్కలన్నీ వాడి చేతిరాతలోనే ఉన్నాయి.

ఈ మధ్య ఫోన్లో మాట్లాడితే అన్నాడు: "లైటు కొనడానికి డబ్బుల్లేక కాదురా. లైటు కొనాలన్న ఆలోచనే లేదు. స్టిక్కర్లకు డబ్బులు పెట్టానుగా."

మిత్రులారా, కలిగిన ఇంట్లో ఒక కాలు విరిగితే ఆరు వారాల్లో అతుక్కుంటుంది. మన ఇళ్లల్లో ఒక కాలు విరిగితే ఒక చదువు ఆగిపోతుంది. అందుకే బ్రేకు రబ్బరు మనకు చిన్న విషయం కాదు. మనకు అది పాఠ్య పుస్తకం లాంటిదే అని మా అభిప్రాయం.

ఆ సైకిల్ ఎక్కడ పుట్టింది?

గేరు సైకిల్ మీద మాకు కోపం లేదు. మనం మౌంటెన్ బైక్ అని పిలుస్తున్న ఈ రకం సైకిల్ ఎలా పుట్టిందో తెలుసుకుంటే దాని మీద గౌరవమే పెరుగుతుంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అనే చోట కొందరు కుర్రాళ్లు పాత, బరువైన, లావు టైర్ల సైకిళ్లను తక్కువ డబ్బుకు సంపాదించి కొండ మట్టిదారుల్లో కిందికి దూకించేవారు. వాళ్లు బాగా డబ్బున్న క్రీడాకారులు కాదు, పాత సామాన్లతో కుస్తీ పట్టినవాళ్లు. 1976లో అక్కడ ఒక పందెం మొదలైంది. దాని పేరు రీప్యాక్.

ఆ పేరు ఎందుకు వచ్చిందో వినండి. ఆ పాత సైకిళ్లకు బ్రేకు వెనుక చక్రం ఇరుసులో ఉండేది. పైడలు వెనక్కి తొక్కితే పడేది. సుమారు రెండు మైళ్ల దిగుడులో ఆ బ్రేకు ఎంత వేడెక్కేదంటే లోపలి గ్రీజు కాలి పొగ వచ్చేది. కిందికి చేరాక ఇరుసు విప్పి కొత్త గ్రీజు మళ్లీ కూరాలి. మళ్లీ కూరడమే రీప్యాక్. అంటే ఆ పందానికి పేరు వేగం వల్ల రాలేదు, బ్రేకు వల్ల వచ్చింది. ఆ కుర్రాళ్లలో ఒకరైన జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారు చేశాడు. గ్యారీ ఫిషర్, టామ్ రిచీ, చార్లీ కెల్లీ లాంటి వాళ్లు దాన్ని వ్యాపారంగా మార్చారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది ప్రపంచ క్రీడ అయింది. ఆ ప్రయాణంలో వాళ్లు బాగు చేసుకుంటూ వచ్చిన వాటిలో ఆపే శక్తి కూడా ఉంది.

మనమేమో ఆ సైకిల్ రూపాన్ని తెచ్చుకున్నాం, దాని బుద్ధిని అక్కడే వదిలేశాం. కొండల్లో తొక్కడానికి చేసింది కాబట్టి దానికి మడ్‌గార్డు, క్యారియర్, చైను కవరు, స్టాండు ఉండవు. మన దారి కొండ కాదు. మనకు పుస్తకాల సంచి ఉంది, బియ్యం మూట ఉంది, వెనుక కూర్చునే తమ్ముడు ఉన్నాడు. క్యారియర్ లేదని సంచిని హ్యాండిల్‌కు తగిలిస్తాం. అది ఊగి ఊగి ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. తమ్ముడిని వెనుక ఇరుసు మీద నిలబెట్టి డబుల్స్ పోతాం. చవక రకాల్లో సీటు కింద ఒక స్ప్రింగు కూడా ఇస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, తొక్కిన బలంలో కొంత అదే మింగేస్తుంది. పదివేలకు లోపల దొరికే సైకిల్‌కు ఇన్ని హంగులు ఇచ్చారంటే ఎక్కడో కోత పెట్టే ఉంటారు. ఆ కోత మనకు కనపడని చోటే ఉంటుంది.

గేర్లు పనికిరావని కాదు. ఎదురుగాలిలో, వంతెన ఎక్కేటప్పుడు, వెనుక బరువున్నప్పుడు చిన్న గేరు మోకాళ్లను కాపాడుతుంది. కానీ గేరు లేకపోతే ఆలస్యంగా చేరతాం. బ్రేకు లేకపోతే చేరం.

పరువు గురించి నాలుగు మాటలు

"పాలోళ్ల సైకిల్ లాగా ఉంటది" అన్న తమ్ముడిని మేము తిట్టలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. మా తాతల కాలంలో ఊళ్లోకి పోతే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాల్సిన వీధులు ఉండేవి. సైకిల్ ఎక్కి పోతే అది పొగరు. మా తాత ఒకాయన మొదటిసారి దిగకుండా పోయిన రోజును ఇప్పటికీ తారీఖుతో సహా చెబుతాడు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లవాడు నలుగురూ తిరిగి చూసే సైకిల్ ఎక్కాలనుకోవడం తప్పు కాదు. అది ఒట్టి షోకు అని పెద్దలు కొట్టిపారేయడం మాకు నచ్చదు.

కానీ ఇక్కడే బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితంలోని ఒక సంఘటన గుర్తు చేయాలి. ఆయన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే తన అనుభవాల పుస్తకంలో దీన్ని రాశారు. 1929లో ఆయన చాలీస్‌గాఁవ్ స్టేషన్‌లో దిగారు. అక్కడి మహార్లు ఆయన్ను తమ వాడకు ఆహ్వానించారు. టాంగా తోలేవాళ్లు ఎవరూ అంటరానివాడిని ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. అతిథి నడిచి రావడం ఆయన గౌరవానికి తగదని వాడ వాళ్లు అనుకున్నారు. టాంగా మాత్రం అద్దెకు తీసుకుని, తోలడం రాని తమ మనిషినే తోలమన్నారు. దారిలో టాంగా అదుపు తప్పింది. బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. తర్వాత అసలు సంగతి తెలిసి ఆయన బాధపడ్డారు. తన గౌరవం కాపాడాలన్న తాపత్రయంలో తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని రాశారు.

ఆ వాడ వాళ్ల ప్రేమను మనం తప్పు పట్టగలమా? పట్టలేం. అసలు తప్పు టాంగా తోలనన్న కులానిది. కానీ విరిగింది ఎవరి కాలు? మనం ఆలోచించాల్సింది ఇదే. గౌరవం మనకు కావాలి, పోరాడి తెచ్చుకోవాలి. ఆ గౌరవాన్ని అనుభవించడానికి ముందు మనిషి మిగలాలి. బ్రేకు ఉన్న పాత నల్ల సైకిల్ మీద డిగ్రీ కాలేజీకి పోయినవాడికే రేపు గౌరవం. బ్రేకు లేని మెరుపు సైకిల్ మీద పోయినవాడికి ఆ సాయంత్రం వరకే.

ఆదివారం పది నిమిషాలు

ఉపన్యాసం చాలించి పనికొచ్చే మాటలు చెప్పుకుందాం. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక పది నిమిషాలు సైకిల్‌కు ఇవ్వండి.

మొదట బ్రేకులు. సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకు నొక్కి ముందుకు తొయ్యండి. వెనుక చక్రం లేవబోవాలి. వెనుక బ్రేకు నొక్కి తోస్తే వెనుక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. లేకపోతే తీగ బిగించాలి, లేదా రబ్బర్లు మార్చాలి. ఒక జత రబ్బర్లు ఒక బిర్యానీ కన్నా తక్కువ. రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకు తగిలితే టైరు కోసుకుపోతుంది. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది కాబట్టి ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. డిస్కు ఉన్నవాళ్లు చైనుకు వేసే నూనె చుక్క కూడా డిస్కు మీద పడనివ్వకండి. పడితే బ్రేకు జారుతుంది.

ఒక సందేహం చాలామందికి ఉంటుంది. ముందు బ్రేకు నొక్కితే పడిపోతామని అది వాడరు. నిజానికి ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుదే. ఒక్కసారిగా బిగించడమే తప్పు. రెండూ కలిపి, ముందుదాన్ని మెల్లగా పెంచుతూ నొక్కితే తక్కువ దూరంలో ఆగుతాం. గ్రౌండులో పదిసార్లు అలవాటు చేసుకోండి, రోడ్డు మీద నేర్చుకోవద్దు.

తర్వాత గాలి. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అంకెలు వేసే ఉంటాయి. మనం వేలితో నొక్కి చాలు అనుకుంటాం. గాలి తక్కువైతే తొక్కుడు బరువు, గుంటలో పడితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చరు. లావు టైరు కదా అని సగం గాలితో తిప్పకండి.

చైను. కొబ్బరి నూనె, వంట నూనె వద్దు. దుమ్ము పట్టి జిగురవుతుంది. పాత గుడ్డతో తుడిచి, కుట్టు మిషను నూనె లాంటి పల్చటి నూనె ఒక్కో లింకుకు ఒక చుక్క వేసి, పైకి మిగిలింది తుడిచేయాలి.

చక్రాల నట్లు, హ్యాండిల్ బోల్టు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. చేత్తో తిప్పి ఊడదీసే పిడి ఉన్న చక్రమైతే ఆ పిడి పూర్తిగా మూసి ఉండాలి. హ్యాండిల్ గొట్టం చివర్ల మూతలు ఊడిపోతే వెంటనే కొత్తవి వేయించండి. తెరిచి ఉన్న ఇనుప గొట్టం పడినప్పుడు పొట్టలో దిగుతుంది. ఇది చాలామందికి తెలియని ప్రమాదం.

ఇక వెలుతురు. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు. ముందుది మనం చూడ్డానికి, వెనుకది మనల్ని చూడ్డానికి. ఒక్కటే కొనగలిగితే వెనుకదే కొనండి. అదీ కుదరకపోతే ఎర్ర రిఫ్లెక్టరు, పైడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు, మడ్‌గార్డుకో సంచికో మెరిసే టేపు ముక్క. పైడలు పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి వెనుక వచ్చే డ్రైవరుకు అది మనిషని వెంటనే తెలుస్తుంది. చీకటి పడ్డాక లేత రంగు చొక్కా వేసుకోండి. సెల్‌ఫోను లైటు నోట్లో కరుచుకుని తొక్కే విద్యను ఇక మానేద్దాం. చెవిలో పాటలూ రోడ్డు మీద వద్దు. వెనుక వచ్చే బండిని మనం చూడలేం, వినగలం అంతే.

హెల్మెట్ గురించి అడుగుతారు. సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి అని మన మోటారు వాహనాల చట్టం చెప్పదు, అది మోటారు బండ్లకే. అయినా ఉంటే మంచిదే. సైకిల్ హెల్మెట్ తేలికైన నురుగుతో చేస్తారు. దెబ్బను అది తీసుకుని తలను కాపాడుతుంది. అందుకే ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని మళ్లీ వాడకూడదు. నుదురు కప్పేలా పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాలి. కానీ మా వరుస ఇది: ముందు బ్రేకు, తర్వాత లైటు, తర్వాత బెల్లు, ఆ తర్వాత హెల్మెట్. పడ్డాక కాపాడేదాని కన్నా పడకుండా చేసేవి ముందు.

అక్కచెల్లెళ్ల సైకిల్

బాలికల హాస్టల్ చెల్లెళ్లు కూడా ఈ సంచిక చదువుతారు. వాళ్లకు ఇంకో సంగతి ఉంది. చైను కవరు లేని సైకిల్‌లో చున్నీ ఇరుక్కుంటే మెడకే ప్రమాదం. చున్నీని వెనక్కి వేసి ముడి వేసుకోవాలి. చైను కవరు, వెనుక చక్రానికి జాలీ ఉన్న సైకిల్ పాతకాలంది కాదు, తెలివైంది.

ఆడపిల్ల చేతికి సైకిల్ వస్తే ఏమవుతుందో దేశం చూసింది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేల మంది మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ దాని గురించి రాశారు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ పథకం వచ్చింది. దాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2017లో అచ్చువేసిన వ్యాసంలో, హైస్కూలు చదువులో ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందని తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే లాభం ఎక్కువ. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2010ల రెండో సగంలో "బడికొస్తా" పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఇచ్చిన సైకిల్ ఆరు నెలలకు మూలన పడకుండా ఉండాలంటే బాగుచేసుకునే విద్య కూడా ఇవ్వాలి. పంక్చరు వేయడం మగపిల్లల విద్య అని ఎవరు రాశారు?

మన వంతు, వాళ్ల వంతు

ఇంతా చదివి "అయితే తప్పంతా పిల్లలదేనా?" అని ఎవరైనా అడగొచ్చు. కాదు. ఆ రాత్రి మావాడికి లైటు లేదు, నిజమే. కానీ సగం రోడ్డు మీద రాళ్లు ఎందుకున్నాయి? రైతును అంటే రైతుకు కల్లం లేదు. కాలవ గట్టుకు రెయిలింగు లేదు. నాలుగు కిలోమీటర్లలో వీధి దీపం ఒక్కటీ లేదు. ఎదురు బండి ఉన్నా లారీ లైట్లు దించదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో నాలుగు వేలకు పైగా సైకిల్ మీద పోయేవాళ్లు. ఎవరికీ పొగ పెట్టని, ఎవరినీ గుద్దని వాళ్లు.

2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, రాత్రి దీపాలు. మేము పీజీ ప్రవేశ పరీక్షకు పోయినప్పుడు చూశాం. చాలా బాగుంది. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకు అంత దారి వేయగలిగిన దేశం, చదువు కోసం తొక్కేవాళ్లకు గట్టు వెంట పది దీపాలు వేయలేదా? ఆ దారి మీద మాకు అసూయ లేదు. అలాంటి ఆలోచన మన దారికీ రావాలని మాత్రమే అడుగుతున్నాం. పంచాయతీకి ఒక అర్జీ రాయడం మనకు రాదా? హాస్టల్లో అర్జీలు రాసీ రాసీ చేయి తిరిగిన వాళ్లం.

ఆ అర్జీకి జవాబు వచ్చే లోపు మనం చేయగలిగింది ఒకటి ఉంది. ఈ వార్షికోత్సవం నాడు మా బ్యాచ్ తరఫున హాస్టల్‌కు ఒక సైకిల్ పెట్టె ఇస్తున్నాం. అందులో గాలి పంపు, స్పానర్లు, టైరు లేపే పట్టీలు, ప్యాచీలు, సొల్యూషను, నూనె డబ్బా, పది జతల బ్రేకు రబ్బర్లు, ఐదు వెనుక లైట్లు ఉంటాయి. వార్డెన్ సార్ స్టోరు రూములో ఒక అర ఇస్తామన్నారు. లైట్లు ఎవరి సొంతమూ కావు. చీకటి పడ్డాక బయటికి పోయేవాడు రిజిస్టర్లో సంతకం చేసి తీసుకుని, వచ్చాక చార్జింగు పెట్టాలి. మిగతా పూర్వ విద్యార్థులను కోరేది ఒక్కటే. ఏటా మీరు వచ్చి పిల్లలకు పెన్నులు, ప్యాడ్లు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక్కొక్కరు ఒక లైటు ఇవ్వండి. పెన్ను పట్టుకునే చెయ్యి క్షేమంగా తిరిగి రావాలి కదా.

పెట్టెకు తాళం వేయవద్దని మా మనవి. ప్రతి ఆదివారం ఇద్దరు పెద్ద పిల్లలు, ఇద్దరు చిన్న పిల్లలు కలిసి చెట్టు కింద సైకిళ్లన్నీ చూడాలి. బ్రేకు పడని సైకిల్ హ్యాండిల్‌కు ఒక ఎర్ర గుడ్డ కట్టాలి. ఆ గుడ్డ విప్పే దాకా అది గేటు దాటకూడదు, అది ఎవరిదైనా సరే, గేర్లు ఎన్నున్నా సరే.

పెట్టెలో మొదటి లైటు కొన్న డబ్బు మాది కాదు. హైదరాబాద్‌లో రంగులేసే మా మిత్రుడు ఫోన్లో పంపాడు. "ఎవరికిచ్చినా ఫర్లేదు, లెక్కల ట్యూషన్‌కు పోయేవాడికి ముందియ్యండి" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సంచిక మూసి పక్కన పెట్టే ముందు ఒక్కసారి చెట్టు కిందికి పోయి మీ సైకిల్ ముందు బ్రేకు నొక్కి చూడండి.

— మీ సీనియర్లు,
పూర్వ విద్యార్థులు, పి.జి. ద్వితీయ సంవత్సరం